తరుగు

ముప్పై రెండేండ్లు కర్నూలు మార్కెట్ యార్డులో
కాటా పట్టినోణ్ణి.
ఎర్రగడ్డ మూట ఎక్కీ ఎక్కకముందే
ముల్లు కంటే ముందు నేనే చెప్పేవాణ్ణి:
నలభై ఏడు. తడి రెండు, మట్టి ఒకటి,
గోతం ముక్కాలు.
రైతు మొగం చూస్తే లెక్క తప్పుతాదని
మూటనే చూసేవాణ్ణి.

ఈ పొద్దు నన్నెక్కిచ్చినారు.

పెద్దాసుపత్రిలో గుండె వార్డు దాటినాక మూలగది.
స్టెంటు ఏసి నలభై దినాలు.
"చెప్పులిడువు హుసేనప్పా, జేబులో చిల్లర తియ్యి,
లోపల పేస్‌మేకర్ ఏమీ పెట్టలేదు గదా?"
ఎస్తేరు రాణి మేడం. తిండి సంగతి చూసే మేడం.
ఇనప పలక పాదాలకు సల్లగా తగిలింది,
రెండు చేతుల్లో రెండు పిడులు.
ఒంట్లోకి కరెంటు పోతాదంట, మనకు తెలీనంత.
నీళ్లుండే కాడ ఉరుకుతాదంట,
కొవ్వు కాడ తట్టుకొని నిలబడతాదంట.

"ఆరు కిలోలు తగ్గినా మేడం, మంచిదే గదా?"
బీడీ మానితి, నూనె మానితి, గుడ్డు మానితి,
భయానికి బుడ్డల ఊరుబిండి గూడా మానితి.
ఆమె కాగితం నా దిక్కు తిప్పింది.
"పోయిన ఆరులో నాలుగు కండ.
కొవ్వు యాడిది ఆడనే ఉంది, నడుం చుట్టూ."

ఇంగ ఇడమరిచి చెప్పాల్సిన పని ల్యా.
తరుగు తీసినారు,
మట్టి మాత్రం మూటలోనే ఇడిసినారు.

పిక్కకు టేపు చుట్టింది. అంకె పైకి చదవల్యా.
ఒక పిడి ఇచ్చి "గట్టిగా పిసుకు" అనింది.
ముల్లు పద్దెనిమిది కాడ ఆగిపాయ.
మూట మీద మూట ఏసిన చెయ్యి,
పసిబిడ్డ ఏలు పట్టుకున్నట్టు పట్టుకొని ఉండాది.

"నిన్న పొద్దున లేసినప్పట్నుంచి ఏం తిన్నావో చెప్పు."
గంజి. ఒక జొన్నరొట్టె. మజ్జిగన్నం.
"ఊరగాయ" అనింది ఎనకనుంచి ఖాసింబీ,
"రెండు పూటలా."
ఆడోళ్ల కాటాకు ఏలు అడ్డం పెట్టలేం.

ఉలవలు తిను, పెసలు తిను, కొర్రన్నం తిను,
గుడ్లో తెల్లది నిబ్బరంగా తిను,
పొద్దున్నే బురుజు దంకా నడువు అని
మేడం రాసుకుంటా ఉంటే,
ఎప్పుడెక్కిందో ఖాసింబీ,
సంచి చంకలో ఉన్నట్టే ఎక్కి నిలబడుండాది,
"నన్నూ చూడు మేడం" అని నవ్వుతా.

సంచితో కలిపి ముప్పై ఎనిమిది.

మేడం పెన్ను ఆగింది.
ఈ మనిషికి ఫైలు లేదు, చీటీ లేదు.
గుండెకు ఏమీ రాలేదు గాబట్టి
ఎవురూ కాటా ఎయ్యల్యా.
"నువ్వేం తిన్నావమ్మా నిన్న?"
"ఈయన తిన్నాక..." అని ఆగిపోయి
గోడ మీద పండ్ల పటం చూస్తాంది:
ఆపిలు, దానిమ్మ, పేరు తెలీని పచ్చపండు ఒకటి.

ఊర్లోళ్ల మూటలన్నీ ఎంచినా.
ఇంట్లో మూటను ఒక్కసారి
ఎత్తి చూసిందుంటే ఒట్టు.

మాపటేల అంగట్లో రెండు గుడ్లు తెచ్చినా.
నేనే ఉడకేసి, దారంతో కోసి,
తెల్లది నాకు, పచ్చది నీకు అంటి.
ఆమె ఒకటి నోట్లో ఏసుకొని
రెండోది, అలవాటు చొప్పున,
నా పళ్లెం అంచుకు జరిపింది.

ముల్లు అట్లా ఊగేటప్పుడు
ఏలు యాడ పెట్టాల్నో నాకు తెలుసు.
మెల్లగా ఆమె దిక్కు నెట్టినా,
ఈసారి మొగం చూస్తానే.